పడవా రైలూ వేసిన దారి: మధ్య ఫ్రాన్స్ పల్లెల్లో సైకిలు ప్రయాణం

మధ్య ఫ్రాన్స్ మ్యాపు మీద మోటారు బండ్లు తిరగని సైకిలు దారులన్నిటినీ రంగు పెన్సిలుతో దిద్దితే ఒక సంగతి తేలుతుంది. అవి ఊరి నుంచి ఊరికి పోవు. కాలువ పక్కనో, పట్టాలు ఎత్తేసిన రైలు కట్ట మీదో పోతాయి. నియెవ్ర్, షేర్, అల్లియే, సోన్-ఎ-లువార్ జిల్లాల్లో ఇవాళ జనం పిల్లాపాపలతో తిరుగుతున్న ఈ దారుల్లో చాలా భాగం సైకిళ్ల కోసం వేసింది కాదు. బొగ్గు, కలప, రాయి, ధాన్యం మోయడానికి వేసింది. దారి చదునుగా ఉండడానికీ, చుట్టూ నిశ్శబ్దంగా ఉండడానికీ, మధ్యాహ్నం పన్నెండు దాటితే తినడానికి ఏమీ దొరక్కపోవడానికీ కారణం ఒక్కటే. అందుకే ఒక దారిని ఎంచుకునేటప్పుడు దాని పొడవు కన్నా ముందు తెలుసుకోవలసింది, అంతకుముందు అక్కడ ఏం నడిచేదన్నది.

రెండు పేర్లతో వచ్చే చిక్కు

పొరపాట్లు ఎక్కువగా పేర్ల దగ్గరే మొదలవుతాయి. 'వా వెర్త్' అంటే పచ్చదారి. ఇది 2004లో ఫ్రాన్సు రోడ్డు నియమావళిలో చేరిన మాట. మోటారు లేని వాహనాలకూ, పాదచారులకూ, గుర్రాల మీద వెళ్లేవారికీ కేటాయించిన దారి అని అర్థం. గంటకు 25 కిలోమీటర్ల దగ్గర సాయం ఆపేసే మామూలు ఎలక్ట్రిక్ సైకిలును దీని మీద అనుమతిస్తారు. 'వెలోరూత్' వేరు. అది దూరప్రయాణానికి నంబరు వేసి బోర్డులు పెట్టిన మార్గం. అందులో పచ్చదారి ఉండవచ్చు, కార్లు తిరిగే పల్లె రోడ్డూ ఉండవచ్చు, ఊరి నడివీధీ ఉండవచ్చు. అట్లాంటిక్ తీరం నుంచి నల్ల సముద్రం దాకా పోయే యూరోవెలో 6 కూడా నెవేర్, దిగ్వాన్‌ల మీదుగా వెళ్లేటప్పుడు ఒకే రోజులో ఈ మూడు రకాలనూ చూపిస్తుంది.

పచ్చ అక్షరాలతో సైకిలు బొమ్మ వేసి నంబరు రాసిన తెల్ల బోర్డు దారి ఎటు పోతుందో మాత్రమే చెబుతుంది. మోటారు బండ్లు రావన్న హామీ ఇచ్చేది నీలం రంగు చదరపు బోర్డు. దాని మీద సైకిలు, మనుషులు, గుర్రం బొమ్మలు ఉంటాయి. అదే బోర్డు అడ్డంగా ఎర్రగీతతో కనిపిస్తే అక్కణ్ణుంచి కార్లు వస్తాయి. పిల్లలతో వెళ్లేవారు నంబరును నమ్ముకోకుండా ఈ నీలం బోర్డును వెతుక్కోవాలి.

అయితే కార్లు వచ్చే ముక్కలన్నీ భయపడాల్సినవేమీ కావు. నియెవ్ర్ జిల్లాలో చదరపు కిలోమీటరుకు ఉండే జనం 30 మంది. ఈ జిల్లా ఉన్న, ఈశాన్యం నుంచి నైరుతికి ఫ్రాన్సును అడ్డంగా కోసే పలచటి జనాభా పట్టీని అక్కడివాళ్లు 'ఖాళీ కర్ణరేఖ' అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు. జిల్లా రోడ్లకు 'డి' అక్షరం పెట్టి నంబరు వేస్తారు. మూడంకెల నంబరున్న చిన్న రోడ్డు మీద చాలా చోట్ల ట్రాక్టర్ల కన్నా ఆవులే ఎక్కువ కనిపిస్తాయి. ఈ లెక్కలో ఒక ఉచ్చు ఉంది. జాతీయ రహదారుల్ని జిల్లాలకు అప్పగించినప్పుడు వాటికి కొత్త నంబర్లు పడ్డాయి. నియెవ్ర్‌లోని డి 977, డి 978, డి 981 అలాంటివే. అవి మూడంకెలవైనా లారీల రోడ్లు. తొమ్మిదితో మొదలయ్యే మూడంకెల రోడ్డు కనిపిస్తే మ్యాపులో దాని రంగు మరోసారి చూసుకోవాలి. అది ఎరుపులో ఉంటే వదిలేసి, తెల్లగా గీసిన రోడ్డు పట్టుకోవడం మేలు.

లాకుల లెక్క

గోదావరి డెల్టాలో పెరిగినవారికి ఫ్రాన్సు కాలువ గట్టును వేరే వివరించనక్కర్లేదు. ఒక గట్టు మీద మనుషులో పశువులో తాడు పట్టి పడవను లాగుతూ నడిచే బాట ఉండేది. ఫ్రెంచిలో దానికి 'షెమాఁ ద హలాజ్' అని పేరు. ఇప్పుడు సైకిళ్లు తిరిగేది చాలావరకు దాని మీదే. లాకు అంటే తలుపులు మూసి, నీటిమట్టం మార్చి పడవను ఎక్కించే దించే గది. లాకుకూ లాకుకూ మధ్య నీరు కదలకుండా నిలబడుతుంది కాబట్టి పక్కనున్న బాట కూడా అంతే సమంగా ఉంటుంది. ఎక్కడమంతా లాకు పక్కన రెండు మూడు మీటర్ల ఎత్తులో తేలిపోతుంది. అక్కడ కొన్ని పదుల మీటర్ల పొట్టి ఏటవాలు వస్తుంది. సామాను ఎక్కువగా ఉంటే దాన్ని చూడగానే గేరు ఒకటి తగ్గించుకోవాలి; అది దాటగానే మళ్లీ చదును.

మధ్య ఫ్రాన్సులో ఈ కాలువలు ఒకదానికొకటి గొలుసులా కలుస్తాయి. లువార్ నది పక్కనే పోయే 'కెనాల్ లతెరాల్' 1838లో పూర్తయింది. దిగ్వాన్ నుంచి బ్రియార్ వరకు దాని పొడవు 196 కిలోమీటర్లు. నది పక్కనే ఉండగా మరో కాలువ ఎందుకంటే లువార్ ఇసుక నది: వేసవిలో మోకాలి లోతు, వానల్లో వరద. పడవలు నదిని నమ్ముకోలేకపోయాయి. బ్రియార్ దగ్గర ఈ కాలువ లువార్ మీదుగా వంతెన ఎక్కి దాటుతుంది. కోనసీమలో గన్నవరం అక్విడక్టు చూసినవారికి ఈ ఏర్పాటు కొత్త కాదు. బ్రియార్ అక్విడక్టు 1896లో మొదలైంది, పొడవు 662 మీటర్లు. దాని రాతి స్తంభాల పని చేసింది ఐఫెల్ కంపెనీ. పక్క బాట సన్నగా ఉంటుంది, చూడవచ్చిన జనం ఎక్కువ, దిగి నడిపించుకుపోవాలి. అక్కణ్ణుంచి ఉత్తరానికి సాగే బ్రియార్ కాలువ ఇంకా పాతది. 1604లో ఫ్రాన్సు రాజు నాలుగో హెన్రీ కాలంలో పని మొదలై 1642లో ముగిసింది. రోన్యీ అనే ఊళ్లో మెట్లలా కట్టిన ఏడు లాకులు 1887 దాకా పనిచేశాయి. ఇప్పుడు నీళ్లు లేకపోయినా రాతికట్టు అలాగే నిలిచి ఉంది.

చదును దారి శరీరాన్ని వేరే రకంగా అలసిపోయేలా చేస్తుందని చాలామంది ముందుగా ఊహించరు. కొండ దారిలో ఎక్కేటప్పుడు లేచి తొక్కుతారు, దిగేటప్పుడు కాళ్లు ఆపేస్తారు. కూర్చునే తీరు మారుతూ ఉంటుంది. కాలువ గట్టు మీద ఆ విరామం రాదు. గంటల తరబడి ఒకే వేగం, ఒకే గేరు, సీటు మీద ఒకే చోట బరువు. మూడో రోజుకు మోకాళ్ల కన్నా ముందు పిరుదులూ అరచేతులూ ఫిర్యాదు చేస్తాయి. కొత్త సీటు వేసుకుని ఈ దారికి రాకూడదు. హ్యాండిల్ సీటు కన్నా కాస్త ఎత్తులో ఉండి, చేతులు మార్చుకోవడానికి రెండు మూడు పట్టులుంటే వేళ్ల తిమ్మిరి తగ్గుతుంది. ఇరవై నిమిషాలకొకసారి కావాలని లేచి తొక్కడం అలవాటు చేసుకుంటే చాలా తేడా కనిపిస్తుంది. సామానుతో సగటు వేగం గంటకు 14-16 కిలోమీటర్లు అనుకుని రోజుకు 50-60 కిలోమీటర్లకు మించి పెట్టుకోకపోతే ప్రయాణం సుఖంగా సాగుతుంది.

నివెర్నే కాలువ

ఈ ప్రాంతంలో ఒక్క దారికే సమయం ఉంటే ఓసేర్ నుంచి దెసీజ్ దాకా పోయే నివెర్నే కాలువను ఎంచుకోవాలి. పొడవు 174 కిలోమీటర్లు. 1784లో పని మొదలైతే మొత్తం తెరుచుకునే సరికి 1841 అయింది. మోర్వాన్ కొండల కట్టెల్ని పారిస్ పొయ్యిలకు చేర్చాలన్నదే మొదటి ఉద్దేశం. అంతకుముందు ఆ కలపను యోన్ నదిలో వదిలి తేలించేవారు. క్లమ్సీ ఊరు ఆ తెప్పల వాళ్లదే.

ఉత్తరం నుంచి బయలుదేరితే క్లమ్సీ వరకు సుమారు 60 కిలోమీటర్లు యోన్ లోయ వెంబడి ఇట్టే సాగిపోతాయి. అక్కడి నుంచి కోర్బిన్యీ చుట్టుపక్కలకు మరో 35. అసలు విశేషం ఆ తర్వాతే. సార్దీ దగ్గర 16 లాకులు మూడున్నర కిలోమీటర్ల లోపే వరుసగా వస్తాయి. పడవకు అది సగం రోజు పని. సైకిలుకు సగటున వంద మీటర్లకు మీటరు పైచిలుకు ఎత్తు, అంతే. ఒక్కో లాకు దగ్గరా కాపలాదారు ఇల్లు, చుట్టూ అడవి. ఈ మెట్లు ఎక్కాక కాలువ కొండలోకి దూరిపోతుంది. లా కొలాన్సెల్ దగ్గర వరుసగా మూడు సొరంగాలున్నాయి, పొడవైనది 758 మీటర్లు. వాటిలో నడక బాట లేదు. లాగుడు పశువుల్ని కొండ మీదుగా తోలుకెళ్లిన కాలం లాగే సైకిలు కూడా అక్కడ కాలువను వదిలి, పైన రోడ్డెక్కి, అవతల బాయ్ చెరువు దగ్గర మళ్లీ కాలువను కలుస్తుంది. జీపీఎస్‌లో గీత నీళ్ల మీదుగా పోతున్నట్టు కనిపించినా సొరంగం వైపు బాట వెతకడం దండగ. రోడ్డు బోర్డునే అనుసరించాలి. సముద్రమట్టానికి సుమారు 260 మీటర్ల ఎత్తున్న ఈ శిఖర భాగానికి నీళ్లిచ్చే చెరువులు బాయ్, వో. రాత్రి ఆగడానికి ఈ దారిలో ఇంతకన్నా మంచి చోటు లేదు.

అవతల దిగుడంతా సులువు. షతియోన్-ఆన్-బజ్వా, సెర్సీ-లా-తూర్ మీదుగా దెసీజ్‌కు 60 కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ లువార్ పక్క కాలువ అందుకుని నెవేర్ చేరవచ్చు. ఈ దారికి మరో సుగుణం రైలు. ఓసేర్‌కూ నెవేర్‌కూ పారిస్‌లోని బెర్సీ స్టేషను నుంచే రైళ్లున్నాయి. క్లమ్సీ, కోర్బిన్యీలకు చిన్న ప్రాంతీయ రైలు ఉంది కాబట్టి వాన పట్టుకుంటే మధ్యలోనే విరమించుకోవచ్చు. ప్రాంతీయ రైళ్లలో సైకిలుకు చోటు ఉంటుంది గానీ వేసవి శనివారాల్లో సైకిలు తగిలించే కొక్కేలు త్వరగా నిండిపోతాయి. 'ఆంతెర్‌సితే' అనే దూరపు రైళ్లలో సైకిలుకు ముందే టికెట్టు తీసుకోవడం తప్పనిసరి. తిరుగు రైలును ముందు ఖాయం చేసుకుని, దాన్ని బట్టి తొక్కే రోజుల్ని లెక్కేసుకోవాలి.

రైలు కట్ట, చచ్చిన కాలువ

ఆవిరి ఇంజను కూడా పడవలాగే ఏటవాలుకు భయపడేది. అందుకే పాత రైలు కట్ట మీద ఎక్కుడు సాధారణంగా నూటికి రెండు దాటదు. కాలువకూ దీనికీ తేడా ఏమిటంటే, ఇక్కడ ఎక్కుడు పొట్టి మెట్లుగా రాదు. కంటికి కనిపించనంత మెల్లగా కిలోమీటర్ల పొడవునా సాగుతుంది. తొక్కేవారు ఎదురుగాలి అనుకునేది చాలాసార్లు ఈ ఏటవాలే. 1997లో జివ్రీ, క్లూనీల మధ్య 44 కిలోమీటర్ల పట్టాలు తీసి వేసిన దారి ఫ్రాన్సులో మొదటి పచ్చదారి. బ్యుక్సీ, సాఁ-జాఁగూ, కోర్మతాఁల మీదుగా ద్రాక్షతోటల పక్కనే వెళుతుంది. తారు నున్నగా ఉంటుంది, సన్న టైర్ల సైకిలూ చాలు. క్లూనీ దాటి మాకోన్ వైపు వెళితే బ్వా క్లేర్ సొరంగం వస్తుంది. పొడవు 1,601 మీటర్లు. లోపల దీపాలున్నా సైకిలు లైటు వెలిగించి, మండువేసవిలోనూ పల్చటి జాకెట్టు వేసుకుని వెళ్లాలి. చలికాలంలో గబ్బిలాలు అందులో నిద్రపోతాయి కాబట్టి ఆ నెలల్లో సొరంగం మూసేస్తారు. అప్పుడు పైనున్న కనుమ రోడ్డే గతి.

బెర్రీ కాలువ కథ వేరు. ఇది సన్న కాలువ. లాకుల వెడల్పు 2.7 మీటర్లే, గాడిదలు లాగే పొడవాటి ఇరుకు పడవలు ఇందులో తిరిగేవి. మిగతా కాలువలు పెద్ద పడవల కొలతకు విస్తరించాక ఇది వెనకబడి 1955లో మూతపడింది. మూతపడ్డాక దాన్ని ఊరికొక ముక్కగా పంచాయతీలకు అప్పగించారు. పడవలు తిరుగుతున్న కాలువల్లో చాలావాటిని 'వా నవిగాబ్ల్ ద ఫ్రాన్స్' అనే ఒకే ప్రభుత్వ సంస్థ చూసుకుంటుంది. లాకులు చూసుకోవడానికి దాని బండ్లు తిరగాలి కాబట్టి గట్టు ఎలాగూ బాగుంటుంది. బెర్రీలో అలా కాదు: ఒక పంచాయతీ గట్టును నిలబెట్టుకుంది, మరొకటి కాలువను పూడ్చి రోడ్డేసింది. మోంలుసోన్, సాఁతమాఁ, బూర్జ్, వియెర్జోన్‌లను కలిపే సైకిలు దారి ఆలస్యంగా, ముక్కముక్కలుగా వచ్చిందంటే మూలం ఇక్కడుంది. నీళ్లున్న కాలువ దొరికితే అది పిల్లలున్నవారికి సురక్షితమైన ఎంపిక. బెర్రీ నిశ్శబ్దం దాని కన్నా లోతైనది, కానీ మధ్యమధ్య పక్కదారులకు సిద్ధపడి వెళ్లాలి.

టైర్లూ ముళ్లూ

దారి పైపొర మూడు రకాలు. తారు ఒకటి. 'స్తబిలిజే' అనేది రెండోది: సున్నపురాయి పొడి, సన్న కంకర తడిపి రోలరుతో దిమ్మిస వేసింది. మూడోది మధ్యలో గడ్డి, ఇరువైపులా చక్రాల జాడ ఉన్న మట్టిబాట. తారుకూ పొడి స్తబిలిజేకూ 32 మిల్లీమీటర్ల టైరు చాలు. సామానుతో అన్నిటికీ పనికొచ్చేది 40 నుంచి 47 మిల్లీమీటర్ల టైరు. మనిషీ సామానూ సైకిలూ కలిపి వంద కిలోలుంటే 40 మిల్లీమీటర్ల టైరులో వెనక మూడున్నర బార్, ముందు మూడు బార్ల గాలి సరిపోతుంది. అంతకన్నా గట్టిగా కొడితే కంకర మీద చేతులు అదురుతాయి, సామాను స్టాండు మరలు వదులవుతాయి. ఆ మరలకు ముందే లాకింగ్ జిగురు పెట్టి, రెండు ఎం5 మరలు అదనంగా పట్టుకెళ్లాలి. రోజూ పొద్దున్నే వాటిని వేళ్లతో ఒకసారి తడిమి చూసుకుంటే చాలు.

వాన పడితే స్తబిలిజే సున్నం ముద్దవుతుంది. ఆ పేస్టు చైనులోకీ బ్రేకుల్లోకీ చేరి సానరాయిలా అరగదీస్తుంది. చక్రం అంచును పట్టే రిమ్ బ్రేకుల రబ్బర్లు రెండు మూడు తడి రోజుల్లోనే బాగా తగ్గిపోతాయి, కాబట్టి ఒక జత వెంట ఉండాలి. సాయంత్రం ఆగగానే ఎండకముందే సీసాతో నీళ్లు పోసి చైను, గేర్లు కడిగి, గుడ్డతో తుడిచి నూనె వేయాలి. నూనె ముందు వేస్తే సున్నాన్ని అతికించినట్టే.

పంచర్లకు గాజు కన్నా ముళ్లే ఎక్కువ కారణం. వేసవి చివర, శరత్తులో ట్రాక్టరుకు బిగించిన కత్తులతో దారిపక్క కంచెల్ని నరుకుతారు. నల్లముళ్ల పొదల తునకలు బాట మీదే పడి ఉంటాయి. రైలు కట్టలకు మరో ముల్లు ఉంది: మట్టి జారకుండా పెరగనిచ్చిన రొబీనియా చెట్టుది. ఈ ముల్లు టైరులో విరిగి మిగిలిపోతుంది, ట్యూబు మార్చినా పది నిమిషాల్లో మళ్లీ గాలి పోతుంది. అందుకే ట్యూబులో చిల్లు ఎక్కడుందో వాల్వు నుంచి కొలిచి, టైరులో అదే చోట లోపలి వైపు వేలితో మెల్లగా తడిమి, ముల్లు మొనను చిన్న శ్రావణంతో లాగేశాకే కొత్త ట్యూబు ఎక్కించాలి. రెండు ట్యూబులు, అతుకులు, టైరు చిరిగితే లోపల పెట్టే ముక్క, చైను లింకు, వెనక చక్రానికి రెండు స్పోకులు ఉంటే చాలు. మరమ్మతు షాపులుండేది నెవేర్, ఓసేర్, బూర్జ్ వంటి పట్టణాల్లోనే. ఆది, సోమవారాల్లో చాలావరకు మూతే.

పచ్చదారి రోడ్డును దాటే ప్రతిచోటా కార్లు రాకుండా ఇనుప గేట్లు ఉంటాయి. వెనక ట్రెయిలరు కట్టినవారు, ఇద్దరు తొక్కే సైకిలువారు వీటి దగ్గర ఇరుక్కుంటారు. ముందు సంచులు తీసి దాటాల్సిన చోట్లూ ఉన్నాయి. అక్కడ ముందు వెళ్లే హక్కు చాలాసార్లు కారుదే, సైకిలుకు 'ఆగు' బోర్డు పెడతారు. కిలోమీటర్ల కొద్దీ బండి చూడకుండా వచ్చిన మనిషికి ఆ ఒక్క క్షణమే ప్రమాదం.

రొట్టె, నీళ్లు, సోమవారం

పడవ సరుకు దించేది రేవులో. రైలు ఆగేది ఊరికి దూరంగా కట్టిన స్టేషనులో. కాబట్టి దారి మీదే ఉండి ఊళ్లోకి వెళ్లకపోతే రోజంతా దుకాణం కనిపించదు. బేకరీలు పొద్దున్నే తెరిచి మధ్యాహ్నం పన్నెండున్నరకు మూస్తారు, మళ్లీ నాలుగు ప్రాంతంలో తెరుస్తారు. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం సాయంత్రం దాకా చిన్న ఊళ్లలో ఏ తలుపూ తెరుచుకోకపోవచ్చు. శనివారం సాయంత్రమే రెండు రోజులకు సరిపడా కొనుక్కోవాలి. మధ్యాహ్న భోజనం పన్నెండుకూ ఒకటిన్నరకూ మధ్యే. రెండింటికి వెళితే వంటగది కట్టేసి ఉంటుంది.

శాకాహారులైన తెలుగువారు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. పల్లె హోటల్లో 'ఆ రోజు భోజనం' అంటే దాదాపు మాంసమే. బెర్రీ ఆకుపచ్చ పప్పు పేరున్నదే గానీ డబ్బాలో వండి అమ్మేదాంట్లో తరచు పంది కొవ్వు ఉంటుంది. ఏమీ కలపనిదైతే డబ్బా మీద 'ఓ నాత్యురెల్' అని రాసి ఉంటుంది. సంప్రదాయ చీజుల్లో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు, దాన్ని తినని వారు పెరుగు, వెన్న, గుడ్లు, బాదంపప్పులతో సరిపెట్టుకోవాలి. చిన్న గ్యాసు పొయ్యి ఉంటే పంచాయతీలు నడిపే క్యాంపుసైట్లలో అన్నం వండుకోవడం కష్టమేమీ కాదు. వీటిలో చాలావరకు వేసవి నెలల్లోనే తెరుస్తారు. 'అక్కెయ్ వెలో' బోర్డున్న బసలు సైకిలు దారికి ఐదు కిలోమీటర్ల లోపే ఉంటాయి, రాత్రికి సైకిలు లోపల పెట్టి తాళం వేసుకునే చోటు ఇస్తారు.

నీళ్ల సంగతికొస్తే, కాలువ పక్కనే రోజంతా తిరిగి దాహంతో ఉండడం ఇక్కడ మామూలే. కాలువ నీరు తాగేది కాదు. ప్రతి ఊరి శ్మశానంలో సమాధుల మీది పూలకు నీళ్లు పోయడానికి కుళాయి ఉంటుంది. 'తాగకూడదు' అన్న అర్థంలో 'నోన్ పోతాబ్ల్' అని రాసి లేకపోతే అది చాలావరకు ఊరి మంచినీళ్ల గొట్టమే. వేసవిలో రెండు లీటర్ల సామర్థ్యం వెంట ఉంచుకుని, సగం ఖాళీ కాగానే మ్యాపులో శిలువ గుర్తు వెతుక్కుని ఊళ్లోకి మళ్లాలి.